దాళ్వా ఆపమని రాసిన కాగితం

మా అత్తగారు బతికున్నంతకాలం, మీ కోడలు ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే, "గవర్నమెంటుకి సలహాలు రాస్తుందండి" అని చెప్పి, వాళ్ళు ఇంకో ప్రశ్న వేసేలోపు కాఫీ పెట్టడానికి లేచి వెళ్ళిపోయేవారు. ఆ రెండో ప్రశ్న ఏమిటో ఆవిడకి తెలుసు. "మరి గవర్నమెంటు వింటుందా అండి?" అని. దానికి ఆవిడ దగ్గర జవాబు లేదు. చాలాకాలం నా దగ్గరా లేదు.

ఇంగ్లీషులో ఈ పనిచేసే చోటుని థింక్ ట్యాంక్ అంటారు. మాది రాజమండ్రిలో, దానవాయిపేటలో ఒక మేడ మీద ఉండేది. పై అంతస్తంతా మాదేనని గొప్పగా చెప్పుకునేవాళ్ళం గాని, వాన పడితే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పుస్తకాలు మోసుకునేవాళ్ళం. తొంభైల మొదట్లో కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్ ఉద్యోగం వదిలేసి అందులో చేరాను. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఇప్పుడు ఈ పనిలోకి పెద్ద డిగ్రీలతో పిల్లలు వస్తున్నారు. వాళ్ళకి లెక్కలు నాకంటే బాగా వచ్చు, నేను కొత్తగా నేర్పేదేమీ లేదు. పాలసీ తయారయ్యే గదిలో ఎవరు కూర్చుంటారో, ఎవరు కూర్చోరో మాత్రం కొంత చెప్పగలను.

ఇద్దరు పెద్దమనుషులు

మా డైరెక్టర్ జోగారావు గారు ఇరిగేషన్‌లో ఇంజనీరుగా రిటైరై వచ్చారు. గోదావరి కాలువల మీద ఏ లాకు ఎక్కడుందో, ఏ తూము ఎప్పుడు కారుతుందో కళ్ళు మూసుకుని చెప్పేవారు. మనిషి మెత్తన. ఎవరినీ నొప్పించరు. ఒక్కొక్కప్పుడు ఆ మెత్తదనం చూస్తే నాకు ఒళ్ళు మండేది. నేను ఏదైనా గట్టిగా రాసుకొస్తే ఒకటికి రెండుసార్లు చదివి, "బాగుందమ్మా. దీన్నే ఎవరికీ కోపం రాకుండా రాయి" అనేవారు.

చైర్మన్ మూర్తి గారు. రామచంద్రపురం దగ్గర పెద్ద కమతం వాళ్ళది. మేము కూర్చున్న మేడ కూడా ఆయనదే. లా చదివారు, ప్రాక్టీసు చెయ్యలేదు. పుస్తకాలంటే ప్రాణం. మన ప్రాంతానికి ఒక ఆలోచించే చోటు ఉండాలని నిజంగా కోరుకున్న మనిషి. ఆయన లేకపోతే మా కేంద్రమే లేదు. ఈ సంగతి ముందే చెప్పడం ధర్మం, ఎందుకంటే తర్వాత చెప్పబోయేది వింటే ఆయన మీద చులకన భావం కలగవచ్చు.

ఈ పనిలో మొదటి రెండేళ్ళలో తెలిసిన విషయం ఒకటుంది. ఏ పార్టీ వాళ్ళయినా ప్రతిపక్షంలో ఉన్నప్పుడు మా మేడ మెట్లు ఎక్కేవారు. అధికారంలోకి వచ్చాక మేం వాళ్ళ మెట్లు ఎక్కేవాళ్ళం. అలా వచ్చిన ఒక మాజీ శాసనసభ్యుడు ఓసారి మా ముందు ఒక కాగితం పెట్టారు. సర్వే చెయ్యకముందే సర్వేలో తేలిన విషయాలన్నీ అందులో ఉన్నాయి. "శ్రమ తగ్గిద్దామనండి" అన్నారు, చాలా మర్యాదగా. జోగారావు గారు అంతకంటే మర్యాదగా, "తొందరేముందండి, ముందు ఊళ్ళు తిరిగొస్తాం. తేలింది ఇదే అయితే మీ కాగితమే టైపు చేయిస్తాం" అన్నారు. ఆయన మళ్ళీ రాలేదు. జవాబు చేత్తో పట్టుకుని వచ్చేవాళ్ళు అంత ప్రమాదం కాదు, దూరం నుంచే తెలిసిపోతారు. మనం రోజూ గౌరవించే మనుషులు, మనకి నీడనిచ్చినవాళ్ళు ఏమనుకుంటారోనని మనకి మనమే కలం ఆపుకుంటామే, దాన్ని కనిపెట్టడం కష్టం.

సార్వా ఒకరిది, దాళ్వా ఒకరిది

తొంభైల చివర్లో హైదరాబాదు నుంచి మమ్మల్ని ఒక అభిప్రాయం అడిగారు. డెల్టా కాలువలు పాతబడ్డాయి, గట్లు జారిపోతున్నాయి, శివారు భూములకి నీళ్ళు అందడం లేదు. వేసవిలో కాలువలు కట్టేసే కొద్దికాలంలో పెద్ద పనులు పూర్తికావు. ఒక ఏడాది దాళ్వాకి, అంటే సార్వా తర్వాత వేసే రెండో పంటకి, నీళ్ళు ఆపేసి పనులన్నీ ఒక్కసారే చేస్తే ఎలా ఉంటుంది? ఇదీ ప్రశ్న.

జోగారావు గారికి ఇది పండగ. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆయన కోరుకున్నది ఇదే. మేం ఊళ్ళు తిరిగాం. ఏ ఊరు వెళ్ళినా పెద్ద రైతుల అరుగుల మీద కుర్చీలు వేసేవారు, కొబ్బరిబోండాలు కొట్టించేవారు. దాళ్వా ఆపితే మీకు అభ్యంతరమా అని అడిగితే, "కాలువ బాగుపడుద్దంటే ఒక్క ఏడాది ఆగలేమా అండి" అనేవారు. ఎవరూ కాదనలేదు. ఇంత సులువుగా అందరూ ఒప్పుకునేసరికి నాకు అనుమానం వచ్చింది. మా మేనమామలది కోనసీమ. రైతులు నలుగురు చేరి ఒక్క మాట మీద నిలబడటం నేను అంతకుముందు చూడలేదు.

మూర్తి గారి ఊళ్ళో మీటింగు అయ్యాక, నేను ఒక్కదాన్నే కాలువ గట్టు మీదకి వెళ్ళాను. అక్కడ నూకరాజు అనే కౌలు రైతు గేదెను కడుగుతున్నాడు. మీటింగులో అరుగు కింద నిలబడి ఉన్న మనిషే. మూర్తి గారి చేనే చేస్తున్నాడు. దాళ్వా ఆపడం గురించి అడిగితే అక్కడ తలూపాడు. ఇక్కడ మళ్ళీ అడిగాను.

"అరుగు కాడ చెప్పేను కదండి" అన్నాడు.

"అక్కడ తలూపేవు. చెప్పలేదు."

గేదెను ఒడ్డుకి తోలాడు. "కౌలు ఏడాదికి మాటాడుకుంటామండి. ఆ కౌలు గింజలు కొలిచేది మాత్రం సార్వా కోతలకే. సార్వాలో పండింది పండినట్టు తిన్నగా మూర్తి గారి గాదెలోకి పోద్దండి. దాళ్వా మాదండి. మేం తినేదీ, అప్పు తీర్చేదీ, పిల్లకి ఫీజు కట్టేదీ అదేనండి. దాళ్వా ఆపితే ఆయనకి ఏం పోద్దండి? ఆగేది మా పొయ్యండి."

ఇందులో రహస్యమేమీ లేదు. డెల్టాలో పుట్టినవాళ్ళందరికీ తెలిసిన ఏర్పాటే. నాకు తెలుసు, జోగారావు గారికి తెలుసు, మూర్తి గారికి అందరికంటే బాగా తెలుసు. కానీ కుర్చీల్లో కూర్చుని 'రైతు' అన్నప్పుడు మా అందరి మనసులో మెదిలింది పట్టాదారే. మా ప్రశ్నలన్నీ సార్వా మనిషిని అడిగాం, పోయేది దాళ్వా మనిషికి.

"ఇదే మాట కాగితం మీద రాసి సంతకం పెడతావా? మీలాంటి వాళ్ళు ఇంకొందరు పెడితే గవర్నమెంటుకి చూపిస్తాను" అన్నాను.

"మీరు మంచికే అడుగుతున్నారండి" అన్నాడు. "కౌలుకి చేత్తున్నానని నేను సంతకం పెడితే, రేపు భూమి మీద హక్కు అడుగుతానేమోనని ఆయనకి భయమండి. ఆయనకి భయమేసిందంటే పై ఏడు ఆ చేను నాకు ఉండదండి. మీరే చెప్పండి, ఎలా పెట్టనండి?"

ఆ తర్వాత నేను పెట్టమనలేదు. పరిశోధన పద్ధతుల గురించి నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఈ చిక్కుకి విరుగుడు లేదు. రుజువు ఉంటేనే సాయం చేస్తామంటుంది ప్రభుత్వం. రుజువు ఇస్తే ఆ సాయం అందేలోపే చేను పోతుంది.

చివరి పేరా

రాజమండ్రి వచ్చి డ్రాఫ్టు రాశాను. దాళ్వా ఆపవచ్చు, అయితే ఆ ఏడాది పరిహారం సాగు చేస్తున్న మనిషికే అందాలి, పట్టాదారుకి కాదు, అని మొదటి పేజీలోనే పెట్టాను.

జోగారావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది అందరికీ తెలిసిందే కదమ్మా."

"తెలిసిందే అయితే రాయడానికి భయమెందుకండి?"

"తెలియడం వేరు, అచ్చులో కనపడటం వేరు. మొదటి పేజీలో కౌలు అన్న మాట చూస్తే సెక్రటరీ గారు ఫైలు మూసేస్తారు. కాలువల పని మళ్ళీ ఆగిపోద్ది. చివర పెట్టు. ఉంటుంది కదా, ఎక్కడికీ పోదు."

నేను వాదించాను. ఆయన మెత్తగా వింటూనే ఉన్నారు, మెత్తగానే కాదన్నారు. ఆఖరికి డ్రాఫ్టు మూర్తి గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన చదివి, నన్ను పిలిపించారు. నేను రాజీనామాకి కూడా సిద్ధపడి వెళ్ళాను. "ఇందులో నేనూ ఉన్నానమ్మా" అన్నారు నవ్వుతూ. "అయినా ఉండనివ్వండి. జోగారావు గారు చెప్పిన చోట ఉండనివ్వండి." ఆయన తలుచుకుంటే ఆ పేరా మొత్తం కొట్టేయించగలరు. కొట్టేయించలేదు. ఆ రోజు ఇంటికి వస్తూ ఎంత మంచి మనిషి అనుకున్నాను. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను.

కాగితం హైదరాబాదు వెళ్ళింది. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి, ఆ సమయంలో ఒక పంట ఆపే ధైర్యం ఎవరికుంటుంది? దాన్ని బీరువాలో పెట్టేశారు. నూకరాజు ఆ ఏడాది దాళ్వా ఊడ్పులు ఊడ్చాడు. ఓసారి సంతలో కనిపించి, "మీ కాగితం వల్లే ఆగిందండి" అన్నాడు. కాదయ్యా, ఎన్నికల వల్ల ఆగింది, మీ మాట మాత్రం కాగితంలో ఉంది అని చెప్పాను. నమ్మలేదు. మనం చెయ్యని మంచికి కూడా ఈ ఉద్యోగంలో అప్పుడప్పుడు దండాలు వస్తాయి. పుచ్చుకోకూడదు.

బీరువాలోంచి సగం

పాలసీ కాగితాలు చావవు. మంత్రిగారికి ఆలోచన అవసరమైన రోజున బల్ల మీద ఏ కాగితం ఉంటే అదే ఆలోచన. రెండువేల తర్వాత కొన్నేళ్ళకి, వేరే ప్రభుత్వం, వేరే అధికారులు. కాలువలకి డబ్బు వచ్చింది. ఎవరో బీరువా తెరిచి మా కాగితం తీశారు. దాళ్వా ఆపవచ్చని నిపుణులు ఎప్పుడో చెప్పారని మా మొదటి పేజీలు చూపించారు. చివరి పేరా చూపించలేదు. ఆపుతున్నామని ఉత్తర్వు వచ్చింది. పరిహారం అన్న మాటే లేదు, ఎవరికీ.

అప్పటికి సార్వా కోతలు అయిపోయాయి. కుప్పలు నూర్చుతున్నారు. నూకరాజు మా మేడ మెట్లు ఎక్కి వచ్చాడు. అతను రావడం అదే మొదటిసారి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మీ కాగితంలో మా మాట ఉందన్నారు కదండి?"

ఉందని తీసి చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నాడు.

"మరి వాళ్ళ కాగితంలో లేదేంటండి?"

జోగారావు గారు పక్క గదిలోంచి అంతా విన్నారు. బయటికి వచ్చి నూకరాజుని అడిగారు. "గింజలు కొలిచేసేవా?"

"లేదండి. ఈ వారంలో కొలవాలండి. దాళ్వా లేదు కదా, కౌలు సగం తగ్గించమని మూర్తి గారిని అడిగేనండి. చూద్దాంలే అన్నారండి. మొత్తం కొలిచేస్తే ఈ ఏడు మేం బతకలేమండి. చేను వదిలేసి నిడదవోలు అవతల ఇటికబట్టీకి పోవాలండి. మా ఆవిడ మూట కట్టడం కూడా మొదలెట్టేసింది."

అతను వెళ్ళిపోయాక జోగారావు గారు బల్ల మీది కాగితంలో చివరి పేజీ తిప్పారు. "చివర పెట్టమన్నది నేనేనమ్మా" అన్నారు. "చివర ఉన్నదాన్ని కొయ్యడం తేలిక."

పిల్లలకి నేను చెప్పే మొదటి పాఠం ఇదే. సలహా, దాని షరతు ఒకే వాక్యంలో ఉండాలి. షరతుని వేరే పేరాలో పెట్టారంటే, దాన్ని కత్తిరించడానికి కత్తెర కూడా మీరే ఇచ్చినట్టు.

భోజనాల వేళ

మర్నాడు ఇద్దరం బస్సెక్కి మూర్తి గారి ఊరు వెళ్ళాం. ఆయన ఎప్పటిలాగే ఆదరంగా కూర్చోబెట్టారు. ఉత్తర్వు గురించి మాకంటే ఎక్కువగా ఆయనే కోప్పడ్డారు. చివరి పేరా తీసేయడం మోసమన్నారు, పేపరుకి రాద్దామన్నారు. అప్పుడు నేను నూకరాజు కౌలు సంగతి ఎత్తాను.

ఆయన ముఖంలో ఆదరం పోలేదు గాని, కొంచెం దూరం జరిగినట్టనిపించింది. "అమ్మా, మనం రాసిందేంటి? పరిహారం గవర్నమెంటు ఇవ్వాలని రాశాం. నేను ఇవ్వాలని రాయలేదు కదా. కాలువ ఆపింది నేనా? నేను ఒక్కణ్ణి తగ్గిస్తే రేపు ఊళ్ళో మిగతావాళ్ళు నన్ను నిలదీస్తారు. వ్యవస్థ మారాలి గాని, ఒక్కొక్కళ్ళు దానాలు చేస్తే ఏమొస్తుంది? సెమినార్లలో మీరు చెప్పే మాటే కదా ఇది."

నిజమే, నేను చెప్పే మాటే. ఎన్నో వేదికల మీద చెప్పాను. ఆయన నోట విన్నది అదే మొదటిసారి.

ఇంతలో లోపల ఆకులు వేశారని కబురు వచ్చింది. మూర్తి గారు హాయిగా ఊపిరి పీల్చుకుని లేచారు. "లేవండి జోగారావు గారూ, ముందు భోంచేద్దాం."

"నేను తిననండి" అన్నారు జోగారావు గారు.

"అదేంటండి, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందండి. ఆకలి కూడా వేస్తంది. తినను."

మూర్తి గారు మళ్ళీ కూర్చున్నారు. జోగారావు గారు గొంతు పెంచలేదు. ఆయనకి అది చేతకాదు. "ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో తింటున్నానండి. మీ చెయ్యి పెద్దదని అందరికీ చెప్పేవాణ్ణి. ఈ పూట నూకరాజు మాట తేలాక తింటాను. తేలకపోతే మధ్యాహ్నం బస్సుంది, వెళ్ళిపోతాం."

మా ప్రాంతం ఎరగనివారికి ఇది చిన్న విషయం అనిపించవచ్చు. గోదావరి జిల్లాల్లో భోజనాల వేళకి ఇంటికొచ్చిన పెద్దమనిషి, ఆకు వేశాక తినకుండా గుమ్మం దిగడమంటే మాటలు కాదు. ఆ ఇంటివాళ్ళని చెంపమీద కొట్టినా అంత బాధపడరు. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, ఎందుకు తినలేదన్న కారణంతో సహా.

"ఇది పద్ధతి కాదండి" అన్నారు మూర్తి గారు. ఆయన ముఖం ఎర్రబడింది. "మాట్లాడుకోవాల్సింది మాట్లాడుకుందాం. అన్నం మీద పంతమేంటి?"

"మాటాడటం అయిపోయిందండి. మా మేడం గారు మాటాడేరు, మీరు జవాబు చెప్పేరు. మీ జవాబులో తప్పు పట్టడానికి నాకూ ఏం కనపడలేదు. అందుకే తినట్లేదండి."

గుమ్మం దగ్గరికి మూర్తి గారి భార్య వచ్చి నిలబడ్డారు. విషయం ఆవిడకి అర్థమైంది. "ఏంటండీ మీరు. ఆ నూకరాజు సంగతేదో తేల్చెయ్యండి. పెద్దాయన్ని పస్తు పంపిస్తే నేను నలుగురిలో తలెత్తుకోవాలా వద్దా" అన్నారు భర్తతో. అని లోపలికి వెళ్ళలేదు, అక్కడే నిలబడ్డారు.

నాకైతే లేచి వెళ్ళిపోదామనిపించింది. ఆఖరికి మూర్తి గారు, "సగం" అన్నారు. "నూకరాజుకే కాదు, నా కౌలుదార్లందరికీ. ఈ ఒక్క ఏడాదికే. దీన్ని ఏ రిపోర్టులోనూ రాయకండి."

జోగారావు గారు లేచి చేతులు కడుక్కున్నారు. భోజనం దగ్గర ఇద్దరూ కాలువ పనుల గురించి మామూలుగానే మాట్లాడుకున్నారు. వంకాయ కూర మళ్ళీ వేయించుకున్నారు కూడా. మా మెత్తటి డైరెక్టరు మీద అన్నేళ్ళుగా పెట్టుకున్న చిరాకంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన మీద అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు.

చుట్టుపక్కల ఊళ్ళలో మూర్తి గారి సంగతి పాకింది. కొందరు తగ్గించారు. చాలామంది తగ్గించలేదు. ఆ ఏడాది ఇటికబట్టీలకి వెళ్ళిన కుటుంబాలు వెళ్ళనే వెళ్ళాయి.

నూకరాజు అడిగింది

కాలువ పనులు కొంత అయ్యాయి, కొంత మిగిలిపోయాయి. మిగిలిన వాటి కోసం మళ్ళీ ఒక దాళ్వా ఆపుతారని మాట పుట్టింది. ఆ రోజుల్లో మళ్ళీ అదే గట్టు మీద నూకరాజుని కలిశాను. సార్వా చేను పచ్చగా ఉంది. అతను చేలోనే ఉన్నాడు, ఇటికబట్టీలో లేడు. నాకు అంతకంటే ఏం కావాలనిపించింది. ఉద్యోగంలో చేరాక ఒక మనిషి పొయ్యి ఆరకుండా చూశామని మొదటిసారి కొంచెం గర్వంగా కూడా ఉంది. జోగారావు గారు ఆ పూట ఏం చేశారో అంతా చెప్పాను. అతనికి అప్పటికే తెలుసు. ఊరందరికీ తెలుసు.

"పెద్దాయన మేలు మర్చిపోలేమండి" అన్నాడు. తర్వాత కాలువ వైపు చూస్తూ, ఎగతాళి ఏమాత్రం లేకుండా, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"పై ఏడు మళ్ళీ దాళ్వా ఆపుతారంట కదండి. అప్పుడు కూడా ఆయన అన్నం మానెయ్యాలాండి?"

నా గర్వం అక్కడికక్కడే దిగిపోయింది. జోగారావు గారికి అప్పటికే ఒంట్లో బాగుండటం లేదు. రాజమండ్రి వచ్చేసి, ఆ రాత్రికి ఆగకుండా కొత్త డ్రాఫ్టు మొదలుపెట్టాను. మొదటి పేజీ, మొదటి వాక్యం, షరతు అందులోనే. హైదరాబాదు వాళ్ళు చదవడానికి వీలుగా దాన్ని రెండు వాక్యాలు చెయ్యమని వెనక్కి పంపారు. చెయ్యలేదు. మళ్ళీ పంపారు. మళ్ళీ చెయ్యలేదు. నేను రిటైరయ్యేనాటికి అది ఇంకా వాళ్ళ బల్ల మీదే ఉంది. మా మేడ మీద ఇప్పుడు కూర్చున్న పిల్లలకి దాని నకలు ఇచ్చి వచ్చాను. ఆ వాక్యాన్ని విరగ్గొట్టకండి అని మాత్రం చెప్పాను.